పగ్గములు విడిచిన రథికుడు

నలువది యేండ్లు దాటినవారు వైద్యుని ధ్రువపత్రము జతపరుపవలెనను నియమముండుటచేతను, మందగించిన నా కంటిచూపునకు వైద్యుడు ఆ పత్రము నొసగకపోవుటచేతను, డ్రైవింగు లైసెన్సు కాలముతీరి, కారు కుమారుని వశమైన పిమ్మట, బెంగళూరు నగర్తపేటలోని మా యింటినుండి చిక్కపేట మెట్రో స్టేషనుకు కాలినడకనే పోవుచున్నాను. కఠోపనిషత్తు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను నిరూపించి, ఆత్మను మాత్రము రథమున కూర్చున్న స్వామిగా చెప్పినది; ఆ లెక్కను నేనెన్నడును సారథిని కానేకాను గదా, మరి పోయినదేమి? ఈ తర్కము నాకు మొదట నేమియు నూరట నీయలేదని యొప్పుకొనవలెను: ఆటోకై చేయి చాపి నిలుచున్నవాని యహంకారమునకు ఉపనిషత్తు వినబడదు.

ఈ పేటలోని ధర్మరాయస్వామి గుడినుండి చైత్రపూర్ణిమ రాత్రి ద్రౌపదమ్మకు ప్రతీకయగు పూలకుండయైన కరగమును శిరమున ధరించి వెడలు పూజారి, దానిని చేత పట్టకయే వీథులన్నియు పాదచారియై తిరిగి, మస్తాన్ సాహెబు దర్గాయొద్ద సైతము ఆగి, తెల్లవారువేళకు మరలి వచ్చును. ఆతడు నడచుచున్నాడా, నడపబడుచున్నాడా? అడిగినచో భక్తులు ద్రౌపదమ్మవైపు చేయి చూపుదురు. నాకంత విశ్వాసము లేదు.

మొన్న సందులో బట్టలమూట తలకెత్తిన కూలివాడు "జరగండి సామీ" యనుచు నా భుజము రాసికొని పోయెను. కోరాగుడ్డ గంజివాసన ముక్కున కంటినది. ఆతని వెనుక మరియొక మూట వచ్చుచుండెను. గోడకానుకొని నిలిచితిని.