ఆకుల చెట్టుకు శాపమెందుకు

యేసు అంజూరపు చెట్టును శపించిన సంగతి చదివినప్పుడల్లా నాకు ఒకటే ఇబ్బంది. ఆకులు నిండుగా ఉన్నాయి, కాయ లేదు, సరే. కానీ అది కాయల కాలం కాదని మార్కు తానే రాస్తాడు. కాలం కాని కాలంలో కాయలేదని చెట్టును ఎండబెట్టడం ఏం న్యాయం? మత్తయి ఆ కాలం మాట ఎత్తనే లేదు. ఆయనకూ మింగుడుపడలేదేమో.

పాస్టర్లు చెప్పే జవాబు నాకు తెలుసు. ఆ దేశంలో వసంతకాలంలో అంజూరానికి ఆకులతో పాటే చిన్న పిందెలూ వస్తాయి. ఆకులుండి పిందె ఒక్కటీ లేదంటే ఆ ఏడు కాపు లేనట్టే. పైగా మార్కు ఈ కథను రెండు ముక్కలు చేసి, మధ్యలో దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోసిన ఘట్టం పెట్టాడు. కాబట్టి శాపం చెట్టుకు కాదు, పైపై భక్తితో నిండిన ఆలయానికి అంటారు. ఒప్పుకుంటాను. దాన్ని తెచ్చి ఎదురుగా కూర్చున్న మనుషులకు అంటగట్టడమే ఒప్పుకోను.

మా సంఘంలో ఒకావిడకు పెళ్లయి చాన్నాళ్లయింది, పిల్లల్లేరు. ‘ఆకులే తప్ప ఫలం లేని బతుకు’ అని ప్రసంగంలో వినబడగానే కొంగు సర్దుకుని తల దించుకుంటుంది. చెప్పేవాడి ఉద్దేశం భక్తి గురించే కావచ్చు, వినే చెవికి ఆ తేడా ఉండదు. నేను గుంటూరులో కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. కోడల్ని పరీక్షలకు లాక్కొచ్చే అత్తలను ఎందరినో చూశాను. ‘అబ్బాయిని కూడా ఒకసారి పంపండమ్మా’ అంటే చాలామంది మళ్లీ ఆ గడప తొక్కేవాళ్లు కాదు.

మా డాబా మీద కడియం నుంచి తెచ్చిన అంటు గులాబీ ఉంది. దాని పోషణంతా మా మరిదిది: నెలనెలా యూరియా, పైన పశువుల ఎరువు. ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడేవి, కొమ్మలు మెత్తగా మనిషెత్తు సాగాయి, ఆ లేత చిగుళ్ల నిండా పేనుబంక. పువ్వు మాత్రం లేదు. ‘ఇది గొడ్డుది వదినా, పీకేద్దాం’ అన్నాడు. గొడ్డుది కాదయ్యా, నువ్వు పెట్టిన తిండే అది చూపిస్తోంది అన్నాను. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదే ఉంటుంది. కుండీ ఉన్నచోట పొద్దున్నే కాసేపు ఎండ, ఆ తర్వాతంతా పక్క మేడ నీడ. గులాబీకి రోజుకు 6 గంటలైనా ఎండ తగలాలి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి అడవి కొమ్మ ఒకటి లేచి బలమంతా లాగేస్తోంది. దాన్ని మొదలంటా పీకి, కుండీని ఎండలోకి జరిపి, యూరియా మాన్పించాం. అక్టోబరులో వానలు తగ్గాక కొమ్మలను సగానికి కత్తిరించాం, బయటికి చూసే కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా. గులాబీ కొత్త చిగురు మీద పూస్తుంది మరి. డిసెంబరుకు మొగ్గలొచ్చాయి. ఇందులో మొక్క దిద్దుకున్న తప్పంటూ ఏమీ లేదు.

అన్ని మొక్కలూ ఇలాగే పూస్తాయనీ నేననను. అందుకే లూకా నాకు దగ్గరివాడనిపిస్తాడు. ఆయన సువార్తలో ఈ శాపం కథే లేదు. 13వ అధ్యాయంలో ఒక ఉపమానం ఉంది. మూడేళ్లుగా కాయని అంజూరాన్ని నరికేయమంటాడు యజమాని. తోటమాలి ఇంకొక్క ఏడాది గడువడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. (ఎరువు సంగతి మా మరిదికి చెప్పకండి.) చెట్టును మాత్రం ఒక్క మాట అనడు, మిగిలిన పని తన పారదే అన్నట్టు మాట్లాడతాడు. మరుసటేడు అది కాసిందో లేదో లూకా చెప్పలేదు. కాసిందని రాసుంటే, కాయనివాళ్లను కొట్టడానికి మనవాళ్లకు ఇంకో కర్ర దొరికేది.

వచ్చే నెల స్త్రీల సమాజంలో వాక్యం చెప్పే వంతు నాది. ఈ అధ్యాయమే తీస్తాను. ఆ రోజు ఎవరినీ చెట్లతో పోల్చి మాట్లాడొద్దని సాక్ష్యం చెప్పేవాళ్లకు ముందే చెప్పి ఉంచాను.