తూకంలో తక్కువైంది ఏది?

కిరాణం దుకాణంలో మోసం అనగానే అందరికీ తూకమే యాదికొస్తది. పప్పులో రాళ్లు, నూనెలో కల్తీ, చిల్లర లేదని చేతిలో పెట్టే చాక్లెట్లు. ఇవన్నీ నాకూ కోపం తెప్పించేవే. కానీ మా అవ్వ ఒక సేటు గురించి "వాని తూకం ధర్మం తూకం" అనేది. అట్లా అంటూనే ఆ దుకాణం విడిచిపెట్టి, మైలు దూరం నడిచి, తక్కువ తూచే దుకాణానికి పోయేది. ఎందుకు? ఈ ప్రశ్న యాభై ఏండ్లయినా నన్ను విడువలేదు.

మాది చార్మినార్‌కు దక్షిణాన, శాలిబండకు లాల్ దర్వాజాకు నడుమ ఒక మాదిగ గల్లీ. నాయిన చెప్పులు కుట్టేటోడు. అవ్వ తెల్లారకముందే చీపురు పట్టుకొని రోడ్లు ఊడ్చేది. సేటు దుకాణం ముంగట ఊడ్చేది కూడా అవ్వే. ఆమె ఊడ్చినంకనే సేటు వచ్చి తాళం తీసేటోడు. ఇది 1970ల నాటి మాట.

దుకాణం ఎత్తు అరుగు మీద ఉండేది. తతిమ్మా గిరాకీ మెట్లెక్కిపోయి, బస్తాలో చెయ్యి పెట్టి, బియ్యపు గింజ పంటికింద కొరికి చూసి బేరం చేసేటోళ్లు. మేం కింది మెట్టు కాడ్నే నిలబడాలె. మా వెనుక వచ్చినోళ్లు సరుకు కట్టించుకొని పోయినంక మా వంతు. నూనె సీసా మెట్టు మీద పెట్టి దూరం జరగాలె. పొట్లాలు మెట్టు మీద పెట్టేటోడు, మేం తీసుకోవాలె. చిల్లర మాత్రం జానెడు ఎత్తు నుంచి విడిచేటోడు. చారాన బిళ్ల దొర్లి మోరీలో పడితే అది మా కర్మ. అయితే ఒక్క గింజ తక్కువ తూచేటోడు కాదు. అబద్ధమెందుకు ఆడాలె?

ఒకసారి కందిపప్పుల పురుగులొచ్చినయి. నాకప్పుడు ఎనిమిదేండ్లు. పొట్లం పట్టుకొని నేనే పోయిన. నా ముందరే ఒకామె పుచ్చిన పెసర్లు వాపస్ ఇచ్చి పైసలు తీసుకుంది. నేను పొట్లం చాపితే సేటు నవ్విండు. "మీరు ముట్టినంక నేనెట్ల తీసుకోవాల్రా?" అన్నడు.

నిన్న పొద్దున బోణీ అని ఆయన కండ్లకద్దుకున్న రూపాయి నోటు నా చేతిదే. నోటుకు అంటని మైల పప్పుకెట్లా అంటింది? ఎనిమిదేండ్ల పిల్లగానికి వచ్చిన ఈ అనుమానానికి ఇన్నేండ్లల్లో ఏ పండితుడూ జవాబు చెప్పలేదు.

అవ్వ ఆ పప్పును చెరిగి, పురుగులేరి వండింది. మరునాటి నుంచి చార్మినార్ దాటి మీర్ ఆలం మండి దిక్కు నడిచింది. అక్కడ ఒక ముసలి దుకాణందారు. మేం చాచా అనేటోళ్లం. బస్తాలో చెయ్యి పెట్టి చూసుకోనిచ్చేటోడు. "లే బేటా" అని చిల్లర నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి పంపేటోడు. కానీ కిలోకు యాభై గ్రాములు తక్కువ. అవ్వ ఇంటికొచ్చి సోలతో కొలిచేది, ఆమెకు తెలుసు. కొట్లాడుదామంటే, "పోనియ్ బిడ్డా. ఈడ పప్పు తక్కువైతది, ఆడ మనిషి తక్కువైతడు" అన్నది.

ఈ మాటను నేను చాలా కాలం గొప్పగా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు అంత గొప్పగా అనిపించదు. మైలు దూరపు నడక, కిలోకు యాభై గ్రాములు: మర్యాద కోసం మేం కట్టిన పన్ను అది. మెట్లెక్కి బేరం చేసేవాళ్లకు అదే మర్యాద ఉచితంగా దొరికింది. చాచా మంచిగా మాట్లాడినంత మాత్రాన ఆయన చేసిన మోసం ఒప్పు కాదు. మా మర్యాద ఆకలి ఆయనకు గిట్టుబాటైంది. సేటు తూకం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆయనదీ ధర్మం కాదు. ఒకే పైసకు ఒకరికి చేతిలో, ఒకరికి మెట్టు మీద సరుకు ఇస్తే ఆ తూకం సమానమెట్లయితది? పేదోడు ఈ రెంటిలో ఒక దాన్ని ఎంచుకోవాల్సి రావడమే అసలు అన్యాయం.

ఇది నా ఒక్కడి గోస కాదు. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. మూడింట ఒక వంతుకు పైగా ఊళ్లల్లో దళితులను దుకాణంలోకి రానివ్వడం లేదని అందులో తేలింది. అమెరికాలోనూ ఇదే కథ. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో టూత్‌పేస్టు లాంటివి కొన్నారు. పైసలు తీసుకున్నారు. అదే దుకాణంలో ఇంకో బల్ల దగ్గర కూర్చుంటే కాఫీ పోయలేదు. వాళ్లు లేవలేదు. మేం లేచి వేరే దుకాణానికి పోయినం.

చట్టం లేక కాదు. రాజ్యాంగంలో 15(2) అధికరణం దుకాణాల పేరెత్తి మరీ చెప్పింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, అంటరానితనం పేరుతో అదే వేళకు, అదే చోట, అదే షరతుల మీద సరుకు అమ్మకపోతే నేరమన్నది. దానికే 1976లో పౌర హక్కుల రక్షణ చట్టమని పేరు మారింది. కానీ తూకం రాళ్లను పట్టుకపోయి అధికారికి చూపించొచ్చు. చెయ్యి ఎంత ఎత్తులో ఆగిందో ఏ కాంట చూపిస్తది? వెనుక వచ్చి ముందు పోయినోడు సాక్ష్యం చెప్తడా?

నా తప్పు కూడా ఒకటి చెప్పాలె. మొదటి జీతం వచ్చిన నాడు అదే సేటు దుకాణానికి పోయిన. మెట్లెక్కిన. వంద నోటు ఆయన ముందు విసిరిన. అది కింద పడ్డది. సేటు కదల్లేదు. పొట్లాలు కట్టే పిల్లగాడు వంగి తీసిండు. పల్లె నుంచి బతకొచ్చిన బక్క పోరడు. నోటు తీసి నా మొఖం దిక్కు చూసిండు. మెట్టు కింద నిలబడ్డ నా చిన్ననాటి చూపే అది. ఇంటికొచ్చి అవ్వకు చెప్తే ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా బిడ్డ ఫోను చూపించి సరుకు కొంటది. డబ్బు అందిందని డబ్బా పలుకుతది. పెద్ద దుకాణాల్లో ఏ సరుకైనా మన చేత్తోనే తీసుకోవచ్చు. "ఇప్పుడెవడు కులం అడుగుతడు నాయినా?" అంటది. నాకు సంతోషమే. నా బిడ్డ మోరీలో బిళ్లలు ఏరుకోలేదు. కానీ చేతికి చెయ్యి తగిలే అవసరం పోయింది కాబట్టి మనసులో మైల పోయిందని నేను నమ్మలేను. కిరాయి ఇంటి కోసం పోయినప్పుడు ఆమెకూ తెలుస్తది.

సేటు ఖాతా పుస్తకంలో మా ఉద్దెర పైసతో సహా రాసి ఉండేది. అవ్వ బాకీ లేకుండా కట్టి సచ్చిపోయింది. ఆయన మాకు పడ్డ బాకీ మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.