గల్లా మీద కూర్చున్నవాడికి

బిడ్డా, దుకాణం నీ చేతికొచ్చాక కొత్త లైట్లు పెట్టించావు, బిల్లింగు కంప్యూటర్‌కు ఎక్కించావు, గల్లా పక్కన పెద్ద అద్దం బిగించావు. అన్నీ బాగున్నాయి. మొన్న ఫోన్‌లో, "పనివాళ్ల మనసు గురించి కంపెనీల్లో క్లాసులు పెట్టిస్తున్నారట, మనమూ ఒకటి పెట్టిద్దామా పెద్దనాన్నా" అన్నావు. అడిగినందుకే సంతోషమేసింది. క్లాసు సంగతి తర్వాత చూద్దాం. హైటెక్ సిటీలో ఆ పని చూసుకోవడానికి హెచ్‌ఆర్ ఉంటుంది, కౌన్సెలర్ ఉంటారు. సుల్తాన్ బజార్ చీరల దుకాణంలో హెచ్‌ఆర్ ఎవరు? గల్లా మీద కూర్చున్నవాడే.

ఒకరోజు గల్లా దిగి కౌంటర్ వెనక నిలబడి చూడు. శ్రావణ శుక్రవారం ముందు రోజైతే మరీ మంచిది. ఒకామె వచ్చి గద్వాల చీరలు తీయమంటుంది. ఒకటి అంచు చిన్నదంటుంది, ఇంకోటి రంగు ముదురంటుంది. పై అరలో ఉన్నదే కావాలంటుంది. చీరలన్నీ కుప్పపడ్డాక, "మళ్లీ వస్తాం" అని బడీచౌడీ వైపు నడుస్తుంది. ఆమెను తప్పుపట్టను, నాలుగు దుకాణాలు తిరిగి కొనకపోతే అది సుల్తాన్ బజారే కాదు. కానీ ఆ కుప్పనంతా కొంగు పైకి కనబడేలా మళ్లీ మడిచి పెట్టే పిల్లను చూడు. చేతులు మడతలు వేస్తుంటాయి, కళ్లు మాత్రం నీ మొహం మీదే ఉంటాయి, గిరాకీ ఎందుకు పోయిందని అడుగుతావేమోనని. దానికి ఆ పిల్ల దగ్గర జవాబుండదు. నీ దగ్గరా ఉండదు. అడగకు.

ఇంకోటి. ఆ పిల్ల పొద్దుటి నుంచి నిలబడే ఉంది. కూర్చుంటే బద్ధకమనుకుంటారని మన బజార్లో పాత నమ్మకం. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు దీని మీదే ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లను కూడగట్టిన విజి స్వయంగా దర్జీ. ఆ పోరాటం వల్లే 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడూ ఆ దారి పట్టింది. చెన్నై బట్టల దుకాణాల్లో పనివాళ్ల బతుకు ఎట్లా ఉంటుందో 'షాపింగ్ మాల్' పేరుతో తెలుగులోకి వచ్చిన తమిళ సినిమాలో నువ్వూ చూశావు, చూసి రెండ్రోజులు గమ్మున ఉన్నావు. మరి గిరాకీ లేనప్పుడు ఒక స్టూలు వేయడానికి నీకు చట్టమే చెప్పాలా?

బాత్రూం సంగతి ఎవరూ మాట్లాడరు, నేనే మాట్లాడతాను. మన పాత దుకాణాలు ఇరుకు. ఆడపిల్లలు పోవడానికి చోటు లేక మధ్యాహ్నం దాకా నీళ్లే తాగరు. అట్లా గడిపే మనిషికి 'మనశ్శాంతి' మీద క్లాసు పెడితే నవ్వుకుంటుంది. పక్క దుకాణం వాళ్లతో మాట్లాడి, ఖర్చు పంచుకుని, తాళం ఉన్న శుభ్రమైన గది ఒకటి చూడు. మార్కెట్ సంఘంలో ఈ మాట లేపడానికి సిగ్గుపడకు.

రోజుకు 8 గంటలు, వారానికి 48, వారానికో సెలవు అని మన 1988 నాటి దుకాణాల చట్టంలో ఉంది. పండుగల సీజనులో ఈ లెక్క ఎట్లా తప్పుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. తప్పితే పైసలియ్యాలి, తర్వాత విశ్రాంతి ఇయ్యాలి. మధ్యాహ్నం అన్నం వేళ మనిషిని పూర్తిగా వదిలేయి. దగ్గర్లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం గ్రంథాలయం ఉంది, 1901 నుంచీ ఉంది. తిన్నాక అక్కడ పేపరు చూసొచ్చే కుర్రాడిని "ఎక్కడ తిరుగుతున్నావు" అని గద్దించకు.

మీ నాయన కాలంలో షట్టరు దించితే పని అయిపోయేది. ఇప్పుడు రాత్రి పదింటికి కూడా, "ఆ నీలం చీర ఫొటో పంపు" అని వాట్సాప్‌లో మెసేజులు. ఇల్లు చేరి పిల్లలకు అన్నం పెడుతున్న మనిషి చేతిలో నీ దుకాణం మోగుతూనే ఉంటుంది. ఆ వాట్సాప్ నంబరు దుకాణం ఫోన్లో పెట్టు, రాత్రి ఆ ఫోన్ దుకాణంలోనే ఉండనీ. ఇంటి నుంచి నీ సెల్‌లో దుకాణం సీసీ కెమెరా తెరిచి, "ఎందుకు కూర్చున్నావు" అని ఫోన్ చేయడమూ మానెయ్. దొంగల కోసం పెట్టినది అది.

తప్పు చేస్తే చెప్పొద్దనడం లేదు. గిరాకీ ముందర చెప్పకు, లోపలికి పిలిచి చెప్పు. జూన్ వస్తే బడి ఫీజులు, ఇంటి కిరాయి. చాలామంది పరేషానీకి మూలం అక్కడుంటుంది. పగారు తారీఖు తప్పనివ్వకు. అడ్వాన్సు ఇస్తే దాన్ని పదిసార్లు గుర్తు చేయకు.

ఎప్పుడూ గలగలలాడే మనిషి వారాల తరబడి మూగబోతే, లెక్కలు తప్పుతుంటే, ఊరికే నాగాలు పెడుతుంటే, పక్కకు పిలిచి, "ఏమైంది తమ్మీ, నిద్ర పడుతోందా" అని అడుగు. అడిగి విను. సలహాలు దంచకు. అవసరమనిపిస్తే 14416 చెప్పు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది. పైసా ఖర్చు లేదు, ఏ వేళ చేసినా తెలుగులోనే మాట్లాడతారు. గల్లా పక్క గోడ మీద లక్ష్మీదేవి పటం కింద ఆ నంబరు రాసి పెట్టు. ఇక మన దుకాణంలో, "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనే జోకు బందు. అక్కడిది మానసిక ఆసుపత్రి. ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని మామూలుగా పనికి పోయేవాళ్లు రోజూ ఉంటారు. ఈ నవ్వులాటకు భయపడే చాలామంది బాధను దాచుకుంటారు.

నీ మనసు గురించీ ఒక మాట. మెట్రో పనులప్పుడు దారి మూసుకుపోయి గిరాకీ పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో రైలు నడిచిందో లేదో, మార్చిలో లాక్‌డౌన్ పడింది. అప్పుడు మీ నాయన ఎవరితో ఏమీ చెప్పుకోకుండా రాత్రుళ్లు కూర్చుండిపోయేవాడు, నువ్వు చూశావు. నువ్వట్లా చేయకు. ఆ 14416 సేట్లకు కూడా పనికొస్తుంది.

ఆషాఢం సేల్ మొదలయ్యేలోపు నాలుగు స్టూళ్లు తెప్పించు. నేనొచ్చినప్పుడు వాటి మీద మనుషులు కనబడాలి, చీరల మూటలు కాదు.