ఇంటికి వచ్చే నర్సు మనకేమవుతుంది?

ముసలితనంలో నొప్పిని ఓర్చుకోవడం ఒక కష్టం. ఒంటిని ఇంకొకరి చేతికి అప్పగించడం అంతకన్నా పెద్ద కష్టం. కన్నబిడ్డల ముందు కూడా దాచుకొన్న ఒంటిని జీతానికి వచ్చిన పరాయి మనిషి ముందు విప్పవలసి వస్తుంది. వారానికొకసారి అరగంటసేపు సాగే ఆ సంబంధానికి ఏమని పేరు పెట్టాలి? బంధుత్వమా, ఉద్యోగమా, ఋణమా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురైనది కాదు. ఆలంగుళంలో ఒక బంధువుల ఇంటి అరుగు మీద ఎదురైంది.

సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఆ ఊరి చుట్టూ, ఇటు విరుదునగరం దాకా, అటు కోవిల్పట్టి దాకా, నల్లరేగడి పల్లెల్లో మన తెలుగు ఇళ్ళు చాలావాటిది ఇప్పుడు ఒకటే కథ. పిల్లలు చెన్నైలోనో కోయంబత్తూరులోనో ఉంటారు. పెద్దవాళ్ళు అరుగు మీద ఉంటారు. నేను చెప్పే అవ్వకు ఎనభై దాటినాయి. చక్కెర జబ్బు. కుడి పాదం మీద మానని పుండు. ఆ జబ్బులో పాదాలకు స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకొన్నా తెలియదు, పుండు లోతుకు పోయినా నొప్పి ఉండదు. తన కాలి సంగతి తనకే తెలియదు గనుక చూసే కన్ను ఇంకొకరిది కావాలి. ఆ కన్ను నర్సుది.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' అనే పథకాన్ని మొదలుపెట్టింది. ప్రజలను వెతుక్కొంటూ వచ్చే వైద్యం అని దాని అర్థం. రక్తపు పోటుకూ చక్కెర జబ్బుకూ మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చే మహిళా కార్యకర్తలు, మంచం పట్టినవారికి కట్లు కట్టే నర్సులు, కాళ్ళూ చేతులూ కదిలించి సాధన చేయించేవారు ఇందులో ఉన్నారు. 2024లో ఐక్యరాజ్య సమితి సంస్థల బృందం ఒకటి దీనికి పురస్కారం ఇచ్చింది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, చావుబతుకుల్లో ఉన్న తన భార్యను కనిపెట్టుకొని ఉన్న మేరీ రాబిన్సన్ అనే నర్సును, భార్య పోయిన తరువాత పేదల ఇళ్ళకు పంపాడు. ఆమె ఆ ఇళ్ళలోని దైన్యాన్ని చూసి మొదట తట్టుకోలేకపోయింది. అయినా పని మానలేదు. ఇళ్ళకు పోయి చేసే నర్సు పనికి ఆ దేశంలో అది మొదలు. మన పొరుగున కేరళలో 1993లో కోళిక్కోడులో మొదలైన నొప్పి నివారణ సంఘం ఇదే దారిలో పోయింది. 2008లో అది ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానంగా కూడా మారింది.

ఇక్కడ మనలో చాలామంది ఒక మాట అంటారు: "కడుపున పుట్టినవాళ్ళు చేయవలసిన పనిని కూలికి వచ్చినవాళ్ళు చేస్తే అది సేవ ఎట్లా అవుతుంది?" పేగుబంధంలో ప్రేమ ఉంటుందనీ జీతంలో ఉండదనీ వారి భావం. ఈ లెక్క నాకు సరిగా తోచదు. విరుదునగరం జిల్లావాళ్ళం మనం ఈ సంగతి దాచుకోనక్కరలేదు. ముసలివాళ్ళకు తెల్లవారుజామున తలకు నూనె పోసి, చల్లని నీళ్ళతో తలంటి, కొబ్బరి నీళ్ళు తాగించి సాగనంపే 'తలైక్కూత్తల్' గురించి 2010లో పత్రికలు రాశాయి. తనకు అదే గతి పట్టబోతున్నదని తెలిసి ఒక ముసలాయన ఇల్లు వదిలి పారిపోయాడు. ఆ నూనె పోసే చేతులు పరాయివి కావు. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల పోషణకు చట్టం చేయవలసి వచ్చిందంటే పేగుబంధం మీద భరోసా ఎంతటిదో తెలుస్తుంది. చట్టం కొడుకు చేత డబ్బు కట్టించగలదు. మంచం పక్కన కూర్చోబెట్టలేదు. అటువంటి ఇంటి తలుపు వారానికొకసారి బయటి మనిషి తట్టడమే ఒక రక్ష. అయినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. అలసిపోయిన కోడలికి కూడా ఆ అరగంట ఒక ఊరట. ముసలివారు తమ భయాన్ని బిడ్డలకు చెప్పరు, బిడ్డలు బెదిరిపోతారని. నర్సుకు చెప్తారు. పరాయితనానికి కూడా ఒక మేలు ఉంది.

ఇక అవ్వ సంగతికి వస్తాను. మొదటి రోజు నర్సు తమిళంలోనే పలకరించింది. కట్టు విప్పుతుండగా అవ్వ తనలో తాను తెలుగులో ఏదో గొణుక్కొన్నది. ఆ అమ్మాయి తలెత్తి, "మంట పుడుతుండాదా అవ్వా?" అన్నది. అవ్వ ముఖం విప్పారింది. "నువ్వు మనవాళ్ళేనా పాపా!" అని చేయి పట్టుకొన్నది. మనుమలు కూడా తమిళంలోనే బదులిచ్చే ఇంట్లో అవ్వతో తెలుగు మాట్లాడే మనిషి దొరికింది. ఆ అరగంటసేపు వాళ్ళిద్దరూ వానల గురించి, పత్తి చేల గురించి మాట్లాడుకొన్నారు. భాష ఎంత పని చేయగలదో నేను ఆ రోజు చూశాను.

మరి పది నిమిషాలకు అవ్వ అడగవలసిన ప్రశ్న అడిగింది: "ఏ ఊరు? ఎవరింటి బిడ్డవు?" ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. అరుంధతీయుల వీధి. అవ్వ చేయి వదల్లేదు, కాని మాట ఆగిపోయింది. పై వారం ఆమె వచ్చినప్పుడు మంచినీళ్ళు కాగితపు కప్పులో వచ్చినాయి. అలమరలో స్టీలు గ్లాసులు వరుసగా మెరుస్తూనే ఉన్నాయి. ఒకప్పటి కొబ్బరి చిప్ప పోయింది, టీకొట్టులోని రెండు గ్లాసుల పద్ధతి మీద కేసులు పడ్డాయి. కాగితపు కప్పు మీద ఎవరు కేసు పెడతారు? అది శుభ్రం కూడాను! ఆ అమ్మాయి నీళ్ళు తాగి, కప్పు నలిపి తన సంచిలోనే వేసుకొని, ఒంగి పుండు కడిగింది. వేళ్ళ సందులు కూడా విడదీసి చూసింది. తరువాత అవ్వ నాతో, "నా కూతురు కూడా ఇట్లా చూడలేదయ్యా" అన్నది. ఆ మాటలో అబద్ధం లేదు. కప్పు కూడా నిజమే.

మన వలస కథలు మనం గొప్పగా చెప్పుకొంటాము. ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' వచ్చి యాభై ఏళ్ళయింది. దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్ళు అనగానే మనకు గుర్తుకు వచ్చేది నాయుళ్ళు, రెడ్లు, రాజులు. బావి నీళ్ళు తోడిన కపిల బానలకు తోలు కుట్టిన చేతులవారు కూడా ఇళ్ళలో ఈ తెలుగే మాట్లాడుకొంటూ వచ్చారు. తెలుగువారి జనాభా లెక్క చెప్పేటప్పుడు వాళ్ళను కలుపుకొంటాము. గ్లాసు ఇచ్చేటప్పుడు వేరు చేస్తాము. 2009లో రాష్ట్రం తెచ్చిన చట్టం షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు కేటాయించింది. 2024లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అలా చదువులకు దారి తెరుచుకొన్న వీధుల నుంచి ఇప్పుడు నర్సులు మన ఇళ్ళకు వస్తున్నారు.

"నర్సుకు జీతం వస్తుంది కదా, ఇంక ఋణమేమిటి?" అని అడగవచ్చు. జీతం ఆమె పనిగంటలకు. నలుగురి ఎదుట అవమానాన్ని దిగమింగి పుండు మీద చేయి వణకకుండా ఉంచడానికి ఏ ప్రభుత్వమూ జీతం కట్టలేదు. మనం దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు చెప్పుకొంటాము. శతపథ బ్రాహ్మణంలో నాలుగోది ఒకటి ఉంది, మనుష్యఋణం. ఇంటికి వచ్చిన మనిషికి చోటు ఇచ్చి, అన్నం పెట్టి దాన్ని తీర్చుకోవాలని ఉంది. ఈ అప్పు తీర్చడానికి యజ్ఞం అక్కరలేదు. ఒక కుర్చీ, ఒక గ్లాసు చాలు. సరిగ్గా ఆ రెండూ ఇవ్వడానికే మనకు చేతులు రావు.

"కూతురులాంటిదానివి" అనే మాటను కూడా నేను ఇప్పుడు అనుమానంగా చూస్తున్నాను. కూతురని పిలిచి, "పోతూ పోతూ ఆ గిన్నెలు కాస్త కడిగిపెట్టు" అనడం నేను విన్నాను. కూతురైతే కూలి అడగదు, వేళ చూసుకోదు, కోపగించుకోదు. ప్రేమగా అన్నట్టే ఉంటుంది గాని ఆమెకున్న హక్కులన్నీ ఆ ఒక్క పిలుపులో కొట్టుకుపోతాయి. ఆమెకు ఇంకా నాలుగు ఇళ్ళు ఉన్నాయి, తన ఇల్లూ ఉంది. ఆమె కూతురు కానక్కరలేదు. నర్సుగా వచ్చి నర్సుగానే మర్యాద పొందితే చాలు. ఆ మర్యాద ఉన్నచోట ప్రేమ దానంతట అది పుడితే పుడుతుంది.

ఎనభై ఏళ్ళ మనిషిని మార్చలేమని అంటారు. నిజమే కావచ్చు. స్పర్శ పోయిన పాదానికి ముల్లు తెలియనట్టే, ఏళ్ళ అలవాటుకు అవమానం తెలియదు. ఇంకొకరు చూసి చెప్పాలి. ఆ రోజు చూసి చెప్పవలసినవాణ్ణి నేనే. కోడలు లోపలి నుంచి అందించిన ఆ కప్పును నర్సు చేతికి ఇచ్చింది కూడా నేనే. అవ్వను తప్పుపట్టడం నాకు సులువు, ఆమె మంచంలో ఉన్నది. నా కాళ్ళు బాగానే ఉన్నాయి. అలమర నాలుగు అడుగుల దూరం.