ఫ్రిజ్ వైపు కూడా చూడు నాన్నా

ఒరే చిన్నా,

మీ ఆఫీసులో ఒకాయనకి క్లోమానికి క్యాన్సర్ వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ కాఫీ మానేసి, పొద్దున్నే కాకరకాయ రసం తాగుతున్నావట. మీ అమ్మ చెప్పింది. కాకరకాయ తినరా, మంచిదే. కానీ ఫలానాది తింటే ఈ జబ్బు దగ్గరికి రాదని పూచీ ఇవ్వగల పదార్థం ఏదీ లేదు. కాఫీ మీద అనుమానం 1981లో హార్వర్డ్ పరిశోధకులు రేపిందే. ఆ తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు. హాయిగా తాగు, చక్కెర తగ్గించు.

నేను పోట్లాడేది నీ ఫ్రిజ్‌లో ఉన్నవాటితో. పొద్దున తొందరలో నాలుగు బేకన్ ముక్కలు పెనం మీద పడేస్తావు, సాయంత్రం హాట్ డాగ్. అవి మనింట్లో ఆదివారం వండే కోడికూర, చేపల పులుసు లాంటివి కావు. ఉప్పు, నైట్రైట్ పట్టించి నిల్వచేసిన మాంసం. 2012లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, అలాంటిది రోజుకి 50 గ్రాములు తింటే ముప్పు 19 శాతం దాకా ఎక్కువని తేలింది. అమెరికాలో జీవితకాలంలో సుమారు 60 మందిలో ఒకరికి వచ్చే జబ్బు కాబట్టి ఆ పెరుగుదల చిన్నదే. ఎప్పుడో ఒకసారి తిన్నందుకు బెంగపడకు. రోజూ తినడం మాత్రం మానెయ్.

అంతకంటే పెద్దవి సిగరెట్టూ, మందూ, పొట్టా. సిగరెట్ ముప్పుని దాదాపు రెట్టింపు చేస్తుంది. అది నువ్వు ముట్టవు, నా బంగారం. కానీ శనివారం పార్టీల్లో "రెండే పెద్దమ్మా" అంటావే, ఆ రెండు నాలుగవుతాయనే నా భయం. ఏళ్ల తరబడి అతిగా తాగితే క్లోమం మాటిమాటికీ వాస్తుంది, ఆ వాపు ఎప్పటికీ పోని స్థితికొస్తే క్యాన్సర్‌కి దారి పడుతుంది. మీ తాతయ్యకీ, మీ నాన్నకీ షుగర్ ఉంది. నీకు పొట్ట పెరిగింది. షుగరూ, ఊబకాయం రెండూ ఈ ముప్పుని పెంచేవే. రాత్రి పదింటికి కుప్పగా అన్నం పెట్టుకోకుండా, పెందలాడే తోటకూర పప్పు ఎక్కువ, అన్నం తక్కువ వేసుకుని తిను.

క్లోమం కడుపు వెనక దాక్కుని ఉంటుంది, జబ్బు ముదిరేదాకా బయటపడదు. కామెర్లొస్తే పసరు మందులంటూ రోజులు పోగొట్టకు. కారణం లేకుండా బరువు తగ్గినా, కడుపునొప్పి వీపులోకి పాకినా, ఉన్నట్టుండి షుగర్ బయటపడినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఈ నెలాఖరులోగా షుగర్ పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు నాకు వాట్సాప్‌లో పంపు.

మీ పెద్దమ్మ