వత్తి మార్చుకోవచ్చు గానీ...

నవలలు రాసేవాళ్ళకు లోకం లేని అర్హత ఒకటి అంటగడుతుంది. కాగితం మీద పాత్రల కష్టసుఖాలు తేల్చేస్తాం కదా, బయటి తగవులు కూడా తీర్చగలమనుకుంటారు. పెళ్ళి సంబంధాల దగ్గర్నుంచి అత్తాకోడళ్ళ వంటింటి వాటాల దాకా నా ముందుకు ఎన్నో వచ్చాయి. కానీ 2025 జూలైలో బర్మింగ్‌హామ్‌లోని ఒక వంటింట్లో కూర్చుని విన్న తగవు మాత్రం నేను కలలో కూడా వూహించనిది. నికోటిన్ పీల్చే గొట్టాల్లో వాడి పారేసేది మంచిదా, విప్పి బాగుచేసుకునేది మంచిదా? అదీ ప్రశ్న. వాదులాడుకున్న యిద్దరిలో ఒకడు నా కొడుకు.

మొదటినుంచీ చెబుతాను.

మావాడు అక్కడ ఎం.ఎస్సీ. చదివాడు. పట్టా పుచ్చుకునే వేడుకకు రమ్మన్నాడు. మావారికి సెలవు దొరక్క ఒక్కదాన్నే వెళ్ళాను. నలుగురు తెలుగు కుర్రాళ్ళు కలిసి వుంటున్న అద్దె యిల్లు అది. వెళ్ళిన రెండోనాడే, అలవాటు వూరుకోనిస్తుందా, వంటిల్లు సర్దటం మొదలుపెట్టాను. ఆవాల సీసా కోసం డ్రాయరు లాగితే బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి కనబడింది. మూత తీసి చూద్దును కదా, వేలెడంత స్క్రూడ్రైవరు, చిన్న కత్తెర, కండెకు చుట్టిన సన్నటి తీగె, తెల్లటి దూది! నా కొడుకు గుండీలు కుట్టుకోవటం నేర్చుకున్నాడని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ దూది చూసి, దేవుడికి దీపం కూడా పెడుతున్నాడు కాబోలు అనుకున్నాను. తల్లి మనసు అంతే. ఏది కంటబడినా బిడ్డ మంచితనానికి సాక్ష్యంలాగే తోస్తుంది.

సాయంత్రం అడిగితే వాడి ముఖం పాలిపోయింది.

"అది వేప్ సామానమ్మా" అన్నాడు.

"వేపా? యిక్కడ కూడా వేపపుల్లలు దొరుకుతాయిట్రా?" అన్నాను.

నలుగురూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగాక ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. అప్పుడర్థమైంది నాకు.

కేకలెయ్యాలనే అనిపించింది. పరాయి బిడ్డల ముందు గొంతు పెగల్లేదు. "కూర్చోండి, అదేమిటో ముందు నాకు చెప్పండి" అన్నాను. తిట్టబోయే ముందు తెలుసుకోవాలనుకోవటం ఒక్కటే రచయిత్రిగా నాకు అబ్బిన సద్గుణం.

మీలో చాలామంది ఆ వస్తువును చూసి వుండరు. 2019లో మన ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అమ్మినా, దిగుమతి చేసుకున్నా మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. యిప్పుడు మనం చూసే రూపంలో దాన్ని 2003లో తయారుచేసినవాడు హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. యిందులో పొగాకు కాలదు. గ్లిజరిన్ వంటి ద్రవంలో నికోటిన్, ఏదో ఒక సువాసన కలుపుతారు. దూది వత్తి ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. వత్తి చుట్టూ వున్న తీగె చుట్ట బ్యాటరీతో వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరిని పీలుస్తారు. మన యిళ్ళల్లో వెనక కరెంటు కాయిల్ పొయ్యి వుండేది గుర్తుందా? తీగె తెగితే చివరలు మెలిపెట్టి మళ్ళీ వెలిగించేవాళ్ళం. అదే జాతి తీగె, అదే ఎర్రదనం, కాకపోతే వేలిగోరంత పొయ్యి.

యిందులో రెండు రకాలు. ఒకటి పూర్తిగా మూసివున్నది. వత్తి, తీగె, ద్రవం, బ్యాటరీ అన్నీ లోపలే. రెండు మిల్లీలీటర్ల ద్రవం, ఆరువందల పీల్పులు, అయిపోగానే చెత్తబుట్ట. రంగురంగుల స్కెచ్ పెన్నుల్లా ముద్దుగా వుంటాయి. పుచ్చకాయ వాసన ఒకటి, మామిడిపండు వాసన ఒకటి. రెండోది విప్పుకునేది. తీగెను మూడు మిల్లీమీటర్ల కడ్డీ చుట్టూ అయిదారు చుట్లు చుట్టి, రెండు బుల్లి స్తంభాలకు స్క్రూలతో బిగించి, మధ్యలోంచి దూది దూర్చి, చివరలు కత్తిరించి, ద్రవంతో తడపాలి. దూది మాడితే కొత్తది పెట్టుకోవాలి. ఆవిరి చేసే ఆ భాగాన్ని అటామైజరు అంటారుట.

మొదటి రకం వాడేవాడు కర్నూలు కుర్రాడు. ఆ దేశంలో 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకం నిషేధించారు. అందుకని ముందే, ఆవకాయకు కాయలు కొన్నట్టు, ఒక సంచీడు కొని దాచుకున్నాడు. రెండో రకం మావాడిది.

"ఆంటీ, మీరే తీర్పు చెప్పండి" అన్నాడు కర్నూలు కుర్రాడు. "నాకు దానితో ఏ అనుబంధమూ లేదు. అయిపోతే పారేస్తాను. మానాలనుకున్న రోజున కొనటం మానేస్తాను. వీణ్ణి చూడండి, శని ఆదివారాలు పూజ చేసినట్టు కూర్చుంటాడు. వీడు జన్మలో మానడు."

"వాడేం పీలుస్తున్నాడో, ఎంత పీలుస్తున్నాడో వాడికే తెలీదమ్మా" అన్నాడు మావాడు. "నాకు ప్రతి చుక్కా తెలుసు. ద్రవం నేనే కలుపుకుంటాను. మిల్లీలీటరుకు పన్నెండు మిల్లీగ్రాముల నుంచి మూడుకు దిగాను. పైగా వాడిలా బ్యాటరీలు చెత్తలో పారెయ్యను."

"మోతాదు తగ్గించి మబ్బులు పెంచాడాంటీ! గదిలోకి వెళితే మనిషి కనబడడు" అన్నాడు రెండోవాడు.

నిజం చెప్పొద్దూ, నా మనసు వెంటనే కొడుకు వైపే మొగ్గింది. పెంపకం అలాంటిది మనది. బాగుచేసుకునేవాడు బుద్ధిమంతుడు, పారేసేవాడు దుబారా మనిషి అని చిన్నప్పటినుంచీ విన్నాం. చిరిగిన చీరలు బొంతలుగా కుట్టుకున్నాం. కిరసనాయిలు స్టవ్వుకు వత్తులు మార్చుకున్నాం. చిల్లిపడ్డ బిందెకు మాటు వేయించుకున్నాం. మరి మూడు రూపాయల బాల్ పెన్ను సిరా అయిపోగానే కిటికీలోంచి విసిరేసే చెయ్యి కూడా నాదే గానీ, ఆ సంగతి తీర్పు చెప్పేటప్పుడు గుర్తుకు రాదు కదూ!

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తూ వుంటే ఆ వేపపుల్లే మళ్ళీ గుర్తుకొచ్చింది. అసలు మనవాళ్ళు పారెయ్యటాన్ని ఎప్పుడు తప్పుపట్టారు? వేపపుల్లను ఒక్కసారి నమిలి, చీల్చి నాలుక గీసుకుని, పెరట్లో పారేసేవాళ్ళం. విస్తరాకులో తిని విసిరేసేవాళ్ళం. దీపం వత్తి కూడా మర్నాటికి పారేసేదే. అయితే పారేసింది మట్టిలో కలిసేది, లేదా ఆవు తినేది. పారెయ్యటంలో పాపం లేదు. పారేసింది ఎక్కడికి పోతుందో అడక్కపోవటంలో వుంది. ఆ రంగుల గొట్టంలో వున్నది లిథియం బ్యాటరీ. దాన్ని మళ్ళీ ఛార్జి చేసుకోవచ్చు. అయినా చెయ్యటానికి వీల్లేకుండా మూసేసి, ఒక్క వాడకానికే పారేయించారు. 2023లో వేసిన అంచనా ప్రకారం బ్రిటన్‌లో వారానికి 50 లక్షల దాకా అలా పారేశారుట! చెత్తబండిలో నలిగి నిప్పంటుకున్నవీ వున్నాయి. కనుక చెత్తబుట్ట దగ్గర మావాడిదే ఒప్పు. అందులో నాకు సందేహం లేదు.

కానీ ప్రశ్న చెత్తబుట్ట దగ్గర ఆగిపోదే!

మర్నాడు ఆదివారం. మావాడు వంటింటి బల్ల దగ్గర ఆ డబ్బా విప్పి కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. తీగె చుట్టి, దాని నిరోధం ఎంతో ఒక చిన్న మీటరుతో కొలిచాడు. ఎర్రగా కాల్చి, అన్ని చుట్లూ సమానంగా వెలుగుతున్నాయో లేదో చూశాడు. చల్లారాక దూది దూర్చాడు. "ఎక్కువ కుక్కితే ద్రవం పాకదమ్మా, తక్కువైతే కారిపోతుంది" అన్నాడు. అచ్చు మా అమ్మ నాకు వత్తి చెయ్యటం నేర్పుతూ చెప్పిన మాట! గట్టిగా పేనితే నూనె పీల్చదు, వదులుగా పేనితే భగ్గుమంటుంది అనేది. వాడి వేళ్ళలో ఎంత ఓర్పు! ఎన్నడూ పక్క సర్దుకోని వెధవ. ఒక్క క్షణం గర్వం కలిగింది. ఆ గర్వం వెనకే భయం వేసింది. ఎందుకంటే అలాంటి చేతుల్ని నేను యిదివరకే చూశాను.

మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. మా అమ్మమ్మ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చటం అన్నమాట. మా ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళకది కొత్త కాదు. గాలికి ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా వుంటాయి. చుట్ట అంగట్లో కొనేది కాదు అమ్మమ్మ. పొగాకు మీద నీళ్ళు చిలకరించి మెత్తబరిచి, ఈనె తీసి, అరచేత్తో దొర్లించి చుట్టి, దారం కట్టేది. ఆ దారం అందించే పని నాది. ఎనిమిదేళ్ళ పిల్లని, ఎంత గొప్పగా వుండేదో నాకు! వూరినుంచి ఎవరొచ్చినా అమ్మమ్మకి మంచి పొగాకు కట్ట తెచ్చేవాళ్ళు. వద్దని ఒక్కరూ అనలేదు. అడ్డపొగ అంగిట్లో పుండుగా మారుతుందని విశాఖపట్నం డాక్టర్లు ఎప్పటినుంచో రాస్తున్నా, ఆ రాతలు మా వూరి దాకా రాలేదు. అమ్మమ్మ ఆఖరి నాలుగు నెలలూ గంజి కూడా మింగలేకపోయింది.

చుట్ట ఎంత శ్రద్ధగా చుట్టినా చుట్టే. ఆ శ్రద్ధే మమ్మల్ని మోసం చేసిందేమోనని యిప్పుడనిపిస్తుంది. చూడముచ్చటగా చేసే పనిని తప్పనటానికి ఎవరికీ నోరు రాదు. శ్రద్ధ గొప్ప గుణమే. కానీ దేని మీద శ్రద్ధ పెడితే దానికి వేళ్ళు దిగుతాయి. కర్నూలు కుర్రాడు చెప్పింది అదే. కాకపోతే వాడి దాంట్లో వేరే మోసం వుంది. అనుబంధం లేదంటూనే సంచీడు దాచుకున్నాడు కదా! అంటే వాడికి గొట్టంతో అనుబంధం లేదు, లోపలున్నదానితో వుంది. గొట్టం మారుతూ వుంటుంది గనక, తనకు అలవాటేమీ లేదని వాడు తనకు తాను చెప్పుకోగలుగుతున్నాడు.

వత్తి మారుస్తున్న కొడుకుతో అమ్మమ్మ సంగతంతా చెప్పాను. వాడు చెయ్యి ఆపి విన్నాడు.

"అంతకుముందు రోజుకు పది సిగరెట్లు కాల్చేవాణ్ణమ్మా. యిది వాటికంటే నయం. యిక్కడ ప్రభుత్వమే సిగరెట్టు మానేవాళ్ళకి వీటిని వుచితంగా యిస్తోంది" అన్నాడు.

అబద్ధం కాదు. ఇంగ్లండులో పది లక్షల మందికి యిస్తామని 2023లో ప్రకటించారు. సిగరెట్టు కంటే హాని తక్కువే, కానీ హాని లేనిది కాదు అని అక్కడి వైద్యులే చెబుతారు. ఒక దేశంలో వైద్యసాయంగా యిచ్చేది యింకో దేశంలో అమ్మితే జైలు. అలాంటప్పుడు తప్పొప్పులు చట్టాన్ని అడిగి లాభం లేదు.

"నయమేరా, ఒప్పుకుంటాను" అన్నాను. "నిచ్చెన దిగటానికి వేశావు. మూడో మెట్టు మీద కూర్చుని ఆ నిచ్చెనకి రంగులు వేసుకుంటున్నావేమోనని నా భయం. విప్పటం తెలిసినవాడివి నువ్వు. తీగె, దూది, చుక్కల లెక్క అన్నీ నీ చేతిలోనే వున్నాయి. ఆ లెక్క సున్నా దాకా వెళుతుందా, లేదా? అది చెప్పు."

వాడేమీ మాట యివ్వలేదు. యిచ్చినా నేను నమ్మేదాన్ని కాదు. కాసేపటికి, "నాన్నకి చెప్పకమ్మా" అన్నాడు.

"నేను చెప్పను. చెప్పవలసింది నువ్వు" అన్నాను.

అది సరైన జవాబేనా అని విమానంలో వచ్చేటప్పుడంతా మథనపడ్డాను. అమ్మమ్మకు దారం అందించినట్టే వీడికి నా మౌనం అందిస్తున్నానా? భర్త దగ్గర కొడుకు గుట్టు దాచటం మన ఆడవాళ్ళందరికీ అలవాటైన పనే. దానికి ప్రేమ అని పేరు కూడా పెట్టుకున్నాం.

కార్తిక పౌర్ణమికి 365 వత్తులు చేస్తూ కూర్చున్నాను. వరండాలో ఫోను మాట్లాడి వచ్చిన మావారు, ఏమీ అనకుండా నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఆయన ముఖం చూసి అడగలేదు నేను. చాలాసేపటికి ఫోను నా చేతికిచ్చారు.

"నాన్నకి చెప్పేశానమ్మా" అన్నాడు వాడు. గొంతు బొంగురుపోయి వుంది. "ఒకటిన్నరకు దిగాను."

"డబ్బా?"

"డబ్బా వుందమ్మా యింకా."

వుందని దాచకుండా చెప్పాడు. దానికి సంతోషించాలో, వున్నందుకు దిగులుపడాలో తెలియక, చేతిలో సగం పేనిన వత్తిని అలాగే పట్టుకుని వుండిపోయాను. నా స్థానంలో మీరుంటే ఏమనేవారు?