చేతులు కనబడేలా

ప్రత్తిపాడు సెంటర్లో కిరాణా కొట్టుకు వెళ్లినప్పుడల్లా నా చేతులు వాటంతట అవే బల్ల మీదకు వస్తాయి. రెండు అరచేతులూ కొట్టాయనకు కనబడుతుండాలి. ఉద్యోగం వచ్చి పదిహేనేళ్లయింది, జేబులో డబ్బులున్నాయి, అయినా ఇంతే. చిన్నప్పుడు అమ్మ చెప్పేది: "కొట్లో చేతులు వెనక్కి పెట్టమాకరా. సరుకు ముట్టుకోమాక. డబ్బులిచ్చి గమ్మున వచ్చెయ్." అమ్మకు వాళ్లమ్మ చెప్పింది. మా ఎరుకల ఇంట్లో అన్నం తినడం నేర్పినట్టే ఇదీ నేర్పారు.

చూసినవాళ్లు "పిరికివాడు" అనుకుంటారు, లేకపోతే "ఏదో తప్పు చేసినట్టున్నాడు" అనుకుంటారు. మనం ఆలస్యంగా వస్తే బస్సు రాలేదంటాం. పక్కవాడు ఆలస్యంగా వస్తే బద్ధకస్తుడంటాం. ఎదుటివాడి వెనక ఏం జరిగిందో చూడకుండా అది వాడి స్వభావమని తేల్చేస్తాం. అందరం చేసే పనే ఇది.

మా చేతుల వెనక ఏం జరిగిందో చెబుతాను. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్త తెగల చట్టం చేసింది. 1911 నాటి కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మనిషి ఏం చేశాడన్నది కాదు, ఎవరికి పుట్టాడన్నది చూసి పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ కావాలి. బాపట్ల దగ్గర స్టువార్టుపురం ఆ రోజుల్లో సాల్వేషన్ ఆర్మీ చేతి కింద నడిచిన సెటిల్‌మెంటు. ఊరి పేరు కూడా ఒక తెల్లదొరదే. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అయినా 1991లోనూ 2023లోనూ ఆ ఊరి దొంగల మీద సినిమాలు వచ్చాయి. ఆ ఊళ్లో చదువుకున్నవాళ్ల మీద సినిమా ఎవరు తీస్తారు?

ఎదుటివాళ్ల అనుమానం మన లోపల ఏం చేస్తుందో ఒక పరీక్షలో బయటపడింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు అగ్రకులాల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివి కూర్చోబెట్టాక వాళ్ల లెక్క బాగా పడిపోయింది. బొమ్మలు అవే, పిల్లల తెలివీ అదే. టీచర్లు హాజరుపట్టీలో కులం పేరు పైకి చదివేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది. స్కాలర్‌షిప్ ఫారాలప్పుడు మనం చేసేది అదేగా.

ఇక నా సంగతి. ఒకరోజు నా క్లాసులో ఒక పిల్ల పెన్ను పోయింది. ఎవరూ ఏమీ అనకముందే వెనక బెంచీలో ఉన్న యానాది పిల్ల లేచి, సంచిలో పుస్తకాలన్నీ బల్ల మీద కుమ్మరించింది. వాళ్లమ్మానాన్నా మిరపకోతలకు పోతారు. ఆ సంచిలో పుస్తకాలూ, ఒక అరిగిన రబ్బరూ తప్ప ఏమీ లేవు. పెన్ను చివరికి పోగొట్టుకున్న పిల్ల జామెట్రీ బాక్సులోనే దొరికింది. క్లాసంతా నవ్వేసి మర్చిపోయింది. నేను మర్చిపోలేకపోయాను. ఎందుకంటే ఆ పిల్ల లేవకముందే నా కళ్లు అటు పోయాయి. నన్ను చూసినట్టే నేనూ చూశాను. ఆ చూపు చూసే ఆ పిల్ల లేచిందేమో. సాయంత్రం పిలిచి "నీ తప్పేం లేదమ్మా" అన్నాను. "తెలుసు సార్" అంది. క్షమించమని అడగాల్సింది, అడగలేదు.

మావాడికి ఎనిమిదేళ్లు. కొట్టుకు వెళ్తే సీసాలన్నీ తడుముతాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతాడు. కొట్టాయన వాడి వంక చూస్తూ ఉంటాడు. అమ్మ చెప్పిన మాట చెబితే, వాడికి నేనే హాజరు వేసినట్టు. చెప్పకపోతే, ఏదో ఒకరోజు ఎవరో వాడి చెయ్యి పట్టుకుంటారు. మా ఆవిడ చెప్పాల్సిందే అంటుంది. చిన్నప్పుడు ఒకసారి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఇంకా చెప్పలేదు.